కోసే ముందు చెప్పే మాట

పాత ఓడల్ని ఒడ్డుకు ఎక్కించి ముక్కలు చేసే ఆ ఊళ్లో సొంత పేర్లతో బతికినవాళ్లు తక్కువ. గ్యాస్ మంటతో ఇనుము కోసే కట్టర్లలో పెద్దవాణ్ని అందరూ కత్తెర అనేవారు. అతని భార్య రోడ్డు పక్కన ఓడ సామాన్ల షాపు నడిపేది. ఓడల్లోంచి దిగిన పరుపులు, సింకులు, గుండ్రటి కిటికీలు, లైఫ్ జాకెట్లు అన్నీ అమ్మేది కానీ, ఆవిడ చెయ్యి పడితే కప్పులూ సాసర్లూ ఇట్టే అమ్ముడుపోయేవి. అందుకని పింగాణీ అక్క అయింది. ఇద్దరికీ పుట్టినప్పుడు పెట్టిన పేర్లు ఉండే ఉంటాయి. ఆ పేర్లతో పిలిస్తే మాత్రం ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూసేవారు కాదు.

వాళ్ల ఇంటికి మొదటిసారి వెళ్లినవాళ్లు నోరు వెళ్లబెట్టేవారు. వీధి తలుపు ఇనుపది, మధ్యలో గుండ్రటి అద్దం. దాని మీద ఎవరికీ చదవడం రాని భాషలో ఏదో రాసుండేది. 'లోపలికి రావద్దు' అని ఉంటుందని కొందరు, 'మరుగుదొడ్డి' అని ఉంటుందని ఇంకొందరు వేళాకోళమాడేవారు. వంటింట్లో అల్మారాలకు గొళ్లేలు, తుఫానులో గిన్నెలు దొర్లకుండా. పడుకునే మంచం ఏదో ఓడలో కెప్టెన్‌ది. నిద్రలో ఆయన కిందపడకుండా ఒక పక్కన చెక్క అడ్డు కట్టారు. ఆ ఇంట్లో ఏ తుఫానూ రాలేదు, ఎవరూ మంచం మీంచి పడలేదు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు మాత్రం చిన్నప్పుడు ఆ అడ్డు పట్టుకునే నిలబడడం నేర్చుకుంది.

పింగాణీ మనిషి పిడికెడంత. గొంతు మాత్రం మైలు దూరం వినబడేది. మధ్యాహ్నం అన్నం కారియర్ పట్టుకుని ఒడ్డున బురద అంచున నిలబడి "ఏమండోయ్!" అని ఒక్క కేక వేసేది. అవతల సుత్తులు, బరువులు లాగే వించీలు, కోసిన ఇనప రేకులు నేల మీద పడే చప్పుడు. పక్కనున్నవాడి మాట పక్కనున్నవాడికి వినబడదు. ఇరవై ఏళ్లు వచ్చేసరికే చెవులు సగం పోయే పని అది. అయినా ఆ కేక వేస్తే ఓడ పైన ఎక్కడో చిన్న మంట ఆరిపోయేది. కాసేపటికి నిచ్చెన దిగి కత్తెర వచ్చేవాడు. "ఇంత రొదలో మా గొంతు నీకు ఆనదు, అక్కయ్య గొంతు ఎలా ఆనుతుంది బాబాయ్?" అని కుర్రకారు ఏడిపిస్తే, "వినకపోతే ఏమవుతుందో మీకు తెలీదురా" అనేవాడు. పింగాణీకి లోపల ఏనుగెక్కినంత సంబరం. నేను పిలిస్తే ఆయన వస్తారు, ఎక్కడున్నా వస్తారు అని గట్టి నమ్మకం ఆవిడకి. ఈ కథంతా ఆ నమ్మకం గురించే.

కత్తెరకి ఒక అలవాటుండేది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఓడ దూసుకొచ్చి బురదలో కూరుకుపోయేది. లోపలి సామానంతా దించేశాక, మొదటి కోత వేసేది కత్తెరే. మంట వెలిగించే ముందు అతను నల్లద్దాలు తీసి నుదుటి మీదకు నెట్టుకుని, అరచెయ్యి ఓడకి ఆనించి, ఏదో గొణిగేవాడు. ఎంతోసేపు కాదు, రెండు మూడు మాటలు. మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కేది. "మాటలయ్యాయా దొరగారూ, ఇక మొదలెడతారా?" అని అరిచేవాడు. కుర్రాళ్లు, "ఓడ చెవిలో ఊదుతున్నాడ్రా" అని నవ్వేవారు. కత్తెర చెప్పాల్సింది చెప్పి, అద్దాలు దించుకుని, మంట వెలిగించేవాడు.

దేవుడికి మొక్కుకుంటున్నాడని పింగాణీ అనుకునేది. కోసిన రేకు కింద పడి కాళ్లు పోయినవాళ్లు, గ్యాస్ నిండిన గదిలోకి మంటతో వెళ్లి తిరిగిరానివాళ్లు ఆ ఒడ్డున ఎంతమందో. తన మొగుడు ప్రతి సాయంత్రం కాళ్లూ చేతులతో ఇంటికొస్తున్నాడంటే ఆ మొక్కు చలవేనని ఆవిడ లెక్క. అయినా ఏమని మొక్కుకుంటాడో తెలుసుకోవాలని నోరు దురద.

"ఏమంటారండీ ఓడతో?"

"అది నాకూ ఓడకీ మధ్య."

"కట్టుకున్నదానికి కూడా చెప్పరా?"

"నిన్ను కొయ్యనుగా" అనేవాడు. అంతటితో ఆ సంగతి సరి.

ఇనుము అతన్ని ఏమీ చెయ్యలేదు. దూది చేసింది. ఓడల్లో వేడి గొట్టాలకు తెల్లటి దూది లాంటిది మందంగా చుట్టి ఉండేది. కోతకు అడ్డం వస్తుందని కట్టర్లు దాన్ని చేతులతోనే పీకి పారేసేవారు. సాయంత్రానికి మనిషి పిండి మరలోంచి వచ్చినట్టు వచ్చేవాడు. ఆ చొక్కాని గుమ్మం ముందు దులిపింది పింగాణీయే. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంటుందనీ, ఏళ్ల తరబడి ఓపిగ్గా కూర్చుని, తర్వాత లేస్తుందనీ ఎవరూ వాళ్ల చెవిన వెయ్యలేదు. దగ్గు మొదలైనప్పుడు యార్డు డాక్టరు, "బీడీలు మానెయ్" అన్నాడు. కత్తెర జన్మలో బీడీ ముట్టి ఎరగడు.

దగ్గు ఆయాసమైంది. ఆయాసం వచ్చి నిచ్చెన మాన్పించింది, తర్వాత బజారు మాన్పించింది. చివరికి షాపు ముందు కుర్చీలో కూర్చుని కప్పులు తుడిచిపెట్టడమే అతని పనయింది. అప్పుడు కూతురు పట్టుబట్టింది. ఆ అమ్మాయి పరాయి దేశంలో ఒక రేవు పట్నంలో, పెద్దాసుపత్రిలో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం చేస్తోంది. ఆమె భర్త అదే రేవులో క్రేన్ నడుపుతాడు. మామ ఓడల్ని ఖాళీ చేసి కోస్తే, అల్లుడు ఓడల్ని నింపి పంపుతాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి భలే ఇష్టం.

"మా ఆసుపత్రిలో చూపిద్దాం నాన్నా. ఒక్కసారి వచ్చి వెళ్లు" అంది.

వెళ్లారు. విమానంలో రెక్క పక్కన సీటొచ్చింది. కత్తెర కిటికీలోంచి ఆ రెక్క వంకే చాలాసేపు చూసి, "దీన్ని ఇదిగో, ఈ మొదట్లో కోస్తే ఒక్క పూటలో పడిపోతుందే" అన్నాడు. ముందు సీట్లో ఉన్నవాళ్లకి భాష రాకపోవడం వాళ్ల అదృష్టం.

ఆసుపత్రిలో ఫొటోలు తీశారు, గొట్టాల్లో ఊదించారు, రక్తం తోడారు. ముక్కులో సన్నటి గొట్టాలు పెట్టి, చక్రాల బండికి చిన్న సిలిండర్ ఒకటి తగిలించారు. అది ఆక్సిజన్ అని తెలిసి కత్తెర నవ్వాడు. జీవితమంతా భుజాన మోసి ఇనుము మీద కక్కించింది ఆ ఆక్సిజన్నే. "ఇంత గాలిని ఇనుముకి పోసేశానే. కాస్త దాచుకోవాల్సింది" అన్నాడు. కూతురు గబగబా మొహం తిప్పుకుంది.

డాక్టరు మంచివాడే, నాన్చకుండా చెప్పాడు. కూతురు తెలుగులో చెప్పింది. ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడిపోయాయి, మందు లేదు. ఊపిరి దానంతటది ఆడని రోజు ఒకటి వస్తుంది, ఎంతో దూరంలో లేదు. అప్పుడు గొంతులో రంధ్రం చేసి గొట్టం వేసి మిషన్‌కి తగిలించవచ్చు. అలా కొన్నాళ్లు నడుస్తుంది, ఎన్నాళ్లో చెప్పలేం. మాట ఉండదు. మంచం దిగడం ఉండదు. సొంత ఊరికి తీసుకెళ్లడం కుదరదు. అది కావాలో వద్దో మనిషికి స్పృహ ఉండగానే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకుని రేపు కాక ఎల్లుండి వచ్చి చెప్పండి అన్నాడు.

"చెప్పేదేముంది? గొట్టమో గోడో, ఏదో ఒకటి వెయ్యమను" అంది పింగాణీ. ఆవిడకి ఇందులో ఆలోచించాల్సిందేమీ కనిపించలేదు. మనిషి కళ్లెదురుగా ఉండాలి, అంతే. కూతురూ అదే మాట. కత్తెర మాత్రం కూతురి వంకా, పెళ్లాం వంకా మార్చి మార్చి చూసి, "రేపు చూద్దాంలే" అన్నాడు.

ఆ రాత్రి గడిచి తెల్లారాక, పొద్దున్నే అతనికి ఆయాసం తిరగబెట్టింది. పెదాలు నీలంగా మారి, కళ్లు పైకి తేలిపోయాయి. కూతురు ఫోను వెతుక్కునే లోపల పింగాణీ అతని చెవి దగ్గర "ఏమండోయ్!" అని ఒక్క కేక వేసింది. పక్కింటి కుక్క మొరిగింది. కత్తెర కళ్లు నెమ్మదిగా కిందికి దిగాయి. ఎక్కడో ఓడ పైనుంచి నిచ్చెన దిగి వచ్చినట్టు, చాలా అలసటగా ఆవిడ మొహం మీద నిలిచాయి.

"చూశావా" అంది పింగాణీ కూతురితో, గర్వంగా. "నేను పిలిస్తే వస్తారు."

కాస్త తేరుకున్నాక అందరూ దిగాలుగా కూర్చునుంటే అల్లుడే అన్నాడు. "ఇక్కడ పాత ఓడల మ్యూజియం ఉంది మావయ్యా. ఎప్పటివో, వందల ఏళ్ల నాటివి. చూస్తారా?"

"మావయ్యకి ఓడలు చూపిస్తావా? కోసే కత్తికి కూరగాయలు చూపించినట్టే" అంది పింగాణీ. ఆవిడకి బయటికి తీసుకెళ్లడం బొత్తిగా ఇష్టం లేదు. కానీ కత్తెర అప్పటికే చొక్కా మార్చమని చెయ్యి చాపాడు. "కొయ్యని ఓడ ఒక్కటైనా చూడాలే" అన్నాడు. ఆవిడే చొక్కా తెచ్చి తొడిగింది.

మ్యూజియం రేవు చివర, పెద్ద గిడ్డంగి లాంటి భవనం. లోపల చలి. అల్లుడు చక్రాల కుర్చీ తోస్తుంటే, కూతురు సిలిండర్ మీద ముల్లు చూస్తూ పక్కన నడిచింది. మొదటి హాల్లో ఉన్నవి ఓడలని ఎవరైనా చెబితే తప్ప తెలీదు. అడుగు దూలమూ, రెండు పక్కలా వంగిన చెక్కలూ తప్ప ఇంకేం లేదు, తిని వదిలేసిన చేప ముల్లులా. గోడ మీద రాసింది చదివి కూతురు చెప్పింది.

"ఇక్కడున్నవన్నీ మునిగిపోయినవేనట నాన్నా. బురదలో కూరుకుపోయాయి కాబట్టే ఇన్నాళ్లు మిగిలాయట. మునగకుండా ఇంటికి చేరినవాటిని అప్పటివాళ్లే విప్పేసి ఆ కలప వాడేసుకున్నారట."

కత్తెర మొహం వికసించింది. "అంటే అప్పుడూ మావాళ్లున్నారన్నమాట!" అన్నాడు. అల్లుడు పగలబడి నవ్వాడు. పింగాణీకి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి కూతురికి ఆశ పుట్టింది. మనసు కుదుటపడితే గొట్టానికి నాన్న సరేనంటాడు అనుకుంది.

గాజు పెట్టెల్లో ఆ ఓడల్లో దొరికిన సామాను పెట్టారు. పింగాణీ కాళ్లు వాటంతటవే గిన్నెల దగ్గర ఆగాయి. దొంతరలు దొంతరలుగా గిన్నెలు. అడుగున గీత పడలేదు, అంచు చెదరలేదు. అమ్మకానికి తీసుకెళుతున్న సరుకు, ఒక్క ముద్ద కూడా ఎవరూ తినలేదు వాటిలో. ఆ పక్కనే విడిగా ఒక్క గిన్నె. అంచు అరిగిపోయింది, లోపల గరిట రాసుకున్న గీతలు. అది ఓడలో ఎవరో రోజూ తిన్న గిన్నె. తన షాపులోకి వచ్చే కప్పుల్లో కూడా అడుగున టీ మరకలుండేవి. బూడిదేసి తోమి, మెరిసేలా తుడిచి, కొత్తవాటిలా అమ్మేసేది. ఆ మరకలు ఎవరివో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఇప్పుడు ఆ అరిగిన గిన్నె ముందు నిలబడితే ఆవిడకి మనిషి పోయి గిన్నె మిగలడం అంత అన్యాయం ఇంకోటి లేదనిపించింది. గబగబా వెళ్లి కత్తెర భుజం మీద చెయ్యి వేసింది.

రెండో హాలుకి రెండు తలుపులు. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. లోపల చీకటి చీకటిగా ఉంది. కరిగించిన కొవ్వొత్తుల వాసన లాంటిది వస్తోంది. గాజు గోడకి అవతల ఉంది ఓడ. ఒక పక్క దాదాపు పూర్తిగా ఉంది, నల్లగా, తడిగా. దాని కింద ఇనప ఊతలు, పైన సన్నటి గొట్టాలు. ఆ గొట్టాల్లోంచి ఏదో మందు సన్నని జల్లులా పడుతూనే ఉంది. ఓడ ఒళ్లంతా తీగలు తగిలించారు. ఆ తీగలన్నీ గోడ మీదున్న అద్దాల పెట్టెల్లోకి వెళ్లాయి, వాటిలో ముళ్లు వణుకుతున్నాయి. నిన్న ఆసుపత్రిలో కత్తెర మంచం పక్కనున్నవి కూడా అలాంటివే. అతను వాటినే చూస్తూ కూర్చున్నాడు.

రబ్బరు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ లైటు పట్టుకుని ఒక్కో ఊతా తడిమి చూస్తోంది. ఆ ఓడ బాగోగులు చూసే ఉద్యోగి. వీళ్లని చూసి గాజు గోడ పక్క తలుపు తీసుకుని బయటికొచ్చింది. చక్రాల కుర్చీలో ఉన్నాయన ఓడల పని చేసేవాడని అల్లుడు చెబితే, ఎంత ముచ్చటపడిందో. దాన్ని బురదలోంచి ఎలా లేపారో, ఏ చెక్క ఎక్కడిదో చెప్పుకొచ్చింది. కూతురు తెలుగులో చెబుతూ పోయింది.

కత్తెర అంతా విని, "ఇదిగో, ఈ మూల నుంచి మొదలెడితే మధ్యాహ్నం భోజనం వేళకి అయిపోతుంది" అన్నాడు. ఏమన్నారని ఆ పెద్దావిడ అడిగింది. "చాలా నచ్చిందంటున్నారు" అని చెప్పింది కూతురు.

"ఈ మందు ఎన్నాళ్లు పోస్తారో అడగమ్మా."

"తను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పోస్తున్నారట. ఇంకా పోస్తారట. మందు ఆపాక కూడా ఈ చలి ఇలాగే ఉండాలట, ఎప్పటికీ."

"ఆపేస్తే?"

ఆ మాట అడిగినందుకు పెద్దావిడ నొచ్చుకున్నట్టే కనిపించింది. ఎండి ముడుచుకుపోతుందట, తర్వాత పొడిపొడిగా రాలిపోతుందట. అలా కానివ్వం అని, గాజు మీద చెయ్యి వేసి నిమిరింది, పసిపిల్లని నిమిరినట్టు. మళ్లీ లైటు పట్టుకుని లోపలికెళ్లిపోయింది.

కుర్చీని గాజుకి దగ్గరగా తొయ్యమన్నాడు కత్తెర. తోశారు. అతను కళ్లజోడు తీసి నుదుటి మీదకు నెట్టుకున్నాడు. అరచెయ్యి గాజుకి ఆనించాడు. బురద అంచు నుంచి దూరంగా ఎన్నిసార్లు చూసిందో పింగాణీ, అలా చెయ్యి ఆనించడాన్ని. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అతని పెదవులు కదిలాయి. ఆగిపోయాయి. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కూతురూ అల్లుడూ తాగడానికి ఏమైనా తెస్తామని బయటికెళ్లారు. పింగాణీ పక్కనున్న బెంచీ చివర కూర్చుంది.

"ఏమండీ, చెప్పలేదేం?"

"దీనికి చెప్పకూడదే. అబద్ధమవుతుంది."

"ఇంతకీ ఏమిటండీ ఆ మాట? ఇప్పుడైనా చెప్పరా?"

కత్తెర కాసేపు గాలి కూడదీసుకున్నాడు. అతను మాట్లాడాలంటే ముందు ఊపిరి సంపాదించుకోవాలి. "కొత్తలో ఒక ఓడ వచ్చింది. అందరూ దిగిపోయారు, ఒక్క ముసలాయన మిగిలాడు. ఓడలో రేడియో పని చూసేవాడు. వచ్చీరాని మాటలతో, సైగలతో చెప్పాడు. ఓడని రేవుల నుంచి పిలుస్తూనే ఉంటారటే, పేరు పెట్టి. నడిసముద్రంలో ఉన్నా సరే. పిలిస్తే పలకాలి దానికి. ఒడ్డెక్కాక మొట్టమొదట ఊడదీసేది ఆ రేడియోనే. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని ఏడ్చాడు. 'దీన్ని ఇంకెవరూ పిలవరు, పాపం, ఆ సంగతి దానికి తెలీదు' అన్నాడు. తెలియకుండా ఎలా కోస్తామే? అందుకని చెప్పేవాణ్ని."

"ఏమని?"

"చాలా తిరిగావు. ఇక నిన్నెవరూ పిలవరు. పడుకో." మూడు ముక్కలకీ మూడు సార్లు ఊపిరి పీల్చుకున్నాడు. "అంతే."

ఆ మొక్కు తన మొగుడి ప్రాణం కోసం అనుకుంటూ సంసారమంతా నడిపింది పింగాణీ. "మీకోసం మొక్కుకుంటున్నారనుకున్నానండీ" అంది చివరికి, చిన్న గొంతుతో.

"నాకోసం దేనికి? పోయేది అది కదా."

జల్లు పడుతూనే ఉంది. లోపల పెద్దావిడ లైటు ఒక ఊత నుంచి ఇంకో ఊతకి జరుగుతోంది.

"వీళ్లు దీన్ని పిలుస్తూనే ఉన్నారే" అన్నాడు కత్తెర. "ప్రేమతోనే. ఆవిడ మొహం చూశావుగా, తప్పు పట్టడానికి లేదు. కానీ దానికి నిద్రేదీ?"

పింగాణీ తెలివితక్కువది కాదు. మాట ఎటు పోతోందో ఇట్టే పసిగట్టింది. పసిగట్టగానే ఒళ్లు మండిపోయింది. "మీరేం ఓడ కాదు" అంది. "చెక్కా ఇనుమూ కాదు. గొట్టం వేస్తే వేస్తారు. నేను పక్కనే కూర్చుంటాను. మాట్లాడకపోతే మానెయ్యండి, ఇప్పుడు మాత్రం పెద్ద మాట్లాడేస్తున్నారా? నా కళ్ల ముందుంటే చాలు నాకు."

"నీకు చాలు" అన్నాడు కత్తెర. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. "పొద్దున నువ్వు పిలిచావు చూడు. చాలా దూరం వెళ్లిపోయానే. హాయిగా ఉంది. నువ్వు పిలిచావని వెనక్కొచ్చాను. రావడం ఎంత కష్టమైందో నీకెలా చెప్పను."

తన పిలుపు అతనికి కష్టమని ఎవరైనా ఇంకొకరు చెప్పి ఉంటే చీపురు తిరగేసేది. "మరి రాకండి" అనబోయింది కోపంగా. అనలేక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కత్తెర ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు, కానీ ఓదార్చడానికి అతని దగ్గర ఊపిరి లేదు. కూతురు తిరిగొచ్చి తల్లి మొహం చూసి, చలికి అనుకుంది, తన శాలువా తీసి కప్పింది.

మర్నాడు డాక్టరు ముందు కూర్చున్నారు. డాక్టరు కత్తెరని అడిగాడు, గొట్టం వెయ్యమంటారా అని. దారిలో మెట్లు లేకపోయినా, కుర్చీలోనే వచ్చినా, ఆయాసంతో కత్తెరకి ఆ పూట మాట పెగల్లేదు. పింగాణీ వైపు చెయ్యి చూపించాడు. తను చెబుతుంది అని.

గదిలో అందరూ ఆవిడనే చూశారు. వద్దు అంటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. వెయ్యమంటే ఏమవుతుందో కూడా నిన్న గాజు గోడ వెనక చూసింది. ఒక్కసారి అతని వంక చూసింది, మనసు మార్చుకుంటాడేమో అని. అతను మార్చుకోలేదు.

"వద్దని చెప్పమ్మా" అంది.

"అమ్మా!"

"వద్దు. మా ఊరు తీసుకెళ్లిపోతాను."

కూతురు ఆ మాట డాక్టరుకి చెప్పలేదు. తల అడ్డంగా ఊపుతూ కూర్చుంది. చివరికి అల్లుడు చెప్పాడు, నేల చూపులు చూస్తూ. ఆ సాయంత్రం వంటింట్లో కూతురు అంటున్న మాట పింగాణీ చెవిన పడింది. "మా నాన్నని చేజేతులా పోగొట్టుకుంటోంది. ఏ పెళ్లామైనా అలా అంటుందా?" పింగాణీ వెళ్లి ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవాలంటే ఆ మూడు ముక్కలూ చెప్పాలి, అవి చెప్పడానికి ఆవిడకింకా నోరు తిరగలేదు.

కూతురు సెలవు పెట్టి వాళ్లతో పాటే ఊరికొచ్చింది. తండ్రికి మందులిచ్చేది, ఒళ్లు తుడిచేది, దిండ్లు సర్దేది. తల్లితో అవసరానికి మించి ఒక్క మాట లేదు. గుండ్రటి అద్దం ఉన్న తలుపు తీస్తే మంచం మీంచి సముద్రం కనిపిస్తుంది. కత్తెర అటే చూస్తూ పడుకునేవాడు. కుర్రాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి, "కొత్త ఓడొచ్చింది బాబాయ్, నువ్వు లేకపోతే మేస్త్రీకి తిట్టడానికి ఎవరూ దొరకట్లేదు" అని చెప్పి వెళ్లిపోయేవారు.

మధ్యలో రెండుసార్లు అతను జారిపోబోయాడు. రెండుసార్లూ పింగాణీ "ఏమండోయ్" అంది. అననని మ్యూజియంలోనే అనుకుంది కానీ, ఆ క్షణం వచ్చేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది. అలవాటు మరి. రెండుసార్లూ అతను తిరిగొచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు అతని కళ్ల చివర నీళ్లు కారాయి. కూతురు బతికాడని సంతోషంతో అతని చేతులు ముద్దు పెట్టుకుంది. పింగాణీ మాత్రం ఆ నీళ్లు చూసింది. పెరట్లోకి వెళ్లి, సింకు దగ్గర నిలబడి, తన నోటి మీద తనే కొట్టుకుంది.

ఒక సాయంత్రం, యార్డులో పని ఆపేసే వేళ. సుత్తుల చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గిపోతోంది. సముద్రం వెనక్కి తీసింది. కత్తెర ఊపిరి తెగి తెగి ఆడుతోంది. ఒకటి ఆడి, ఇంకోటి ఆడాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఆగుతోంది. పెదాలు నీలమయ్యాయి. కూతురు మంచానికి ఒక పక్క, పింగాణీ ఇంకో పక్క, చెక్క అడ్డు ఉన్న వైపు. అతని చెయ్యి ఆ అడ్డుని గట్టిగా పట్టుకుని ఉంది, ఎవరో పిలుస్తారేమో, లేవాలేమో అన్నట్టు.

పింగాణీ ఆ వేళ్లు ఒక్కొక్కటీ నెమ్మదిగా విడదీసి తన చేతిలోకి తీసుకుంది. వంగి, అరచెయ్యి అతని గుండె మీద ఆనించింది. పెళ్లయినప్పటి నుంచీ మీరు అని తప్ప పిలవని మనిషితో, అతని మాటని అతను చెప్పినట్టే చెప్పింది. ఆవిడ గొంతు అంత మెల్లగా పలుకుతుందని కూతురికి ఆ రోజే తెలిసింది.

"చాలా తిరిగావు."

గాలి పీల్చుకుంది. తర్వాతి ముక్క చెప్పడం ఆవిడకి ప్రాణం మీదకొచ్చింది.

"ఇక నిన్నెవరూ పిలవరు."

కత్తెర కళ్లు తెరవలేదు. కానీ నుదుటి మీద ఎన్నాళ్లుగానో ఉన్న ముడత విడిపోయింది.

"పడుకో."

ఊపిరి ఇంకోసారి ఆడింది. ఇంకోసారి, తేలిగ్గా. ఆగింది. మళ్లీ ఆడుతుందని ఇద్దరూ ఎదురుచూశారు.

కూతురికి అర్థమైంది. లేచి, తండ్రి మొహం మీదకు వంగి, "నా..." అని నోరు తెరిచింది, తల్లి దగ్గర నేర్చుకున్న ఆ కేక వెయ్యడానికి.

పింగాణీ మంచం మీదుగా చెయ్యి చాపి కూతురి నోరు మూసింది. గట్టిగా కాదు. ఆ అమ్మాయి తల్లి అరచేతిలోకే ఏడ్చింది. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.